పొలెంటాని తెలుగులో ఏమందాం: సంకటా, గట్కా?

అందరికీ నమస్కారం. మాది తెనాలి. ఉత్తర ఇటలీ ఇళ్లలో చలికాలం రాత్రిపూట తినే పొలెంటా గురించి రాస్తున్నాను. కప్పు మొక్కజొన్న రవ్వని నాలుగు కప్పుల మరిగే ఉప్పునీళ్లలో పోసి ముప్పావుగంట కలుపుతారు. దాని మీద పంది సాసేజ్, క్యాప్సికమ్, ఉల్లిపాయ, టమాటా కలిపి వండిన కూర వేసుకుంటారు. 'మొక్కజొన్న ఉప్మా' అని రాసి కొట్టేశాను. తాలింపు లేనిది ఉప్మా ఎలా అవుతుంది? వేరే మాట ఉంటే చెప్పండి.

మదనపల్లె నుంచి: సంకటి అనేయండక్కా. తెడ్డుతో గెలికీ గెలికీ చేతులు పడిపోవడం రెండింటికీ ఒకటే.

జగిత్యాల నుంచి: లేదన్నా, మీ సంకటిలో బియ్యం ఉడికాక రాగిపిండి పోస్తారు, ముద్ద కడతారు. పొలెంటాలో బియ్యమూ లేదు, ముద్దా లేదు. అది అచ్చంగా మా మక్క గట్క. మక్కలు విసిరి, పొట్టు చెరిగేసి, రవ్వ ఎసట్లో పోసి వండుతాం. జొన్నరవ్వతో చేస్తే జొన్న గట్క. మా నాయనమ్మ దాంట్లో మజ్జిగ పోసేది, సాసేజ్ సంగతి మాత్రం ఆమెకు తెలియదు!

తెనాలి నుంచి: గట్క! ఈ మాట ఇప్పుడే వింటున్నాను, తమ్ముడూ.

విశాఖ నుంచి: ఒక తమాషా చూడండి. లాటిన్‌లో పొలెంటా అంటే బార్లీతో చేసేది. మొక్కజొన్న అమెరికా నుంచి వచ్చాక గిన్నెలో గింజ మారింది, పేరు మారలేదు. కొత్త గింజకేమో 'గ్రాన్‌తుర్కో', అంటే టర్కీ ధాన్యం, అని పేరు పెట్టారు. టర్కీకీ దానికీ సంబంధం లేదు, బయటి సరుకంతా వాళ్లకప్పట్లో టర్కీదే. మనమూ పాత జొన్న పేరే తగిలించి మొక్కజొన్న అనుకున్నాం కదా. దక్షిణ ఇటలీవాళ్లు ఉత్తరాదివాళ్లని 'పొలెంటోనీ' అని వెక్కిరిస్తారు, పొలెంటా మెక్కేవాళ్లని. ఆ వెక్కిరింత వెనక ఆకలి కూడా ఉంది. పొలెంటా తప్ప ఇంకేమీ దొరకని రైతుకూలీలకు పెల్లాగ్రా అనే పోషకాహార లోపపు జబ్బు వచ్చేది. 'గరుకు చర్మం' అని ఆ మాటకు అర్థం, 1771లో ఫ్రాపోలీ అనే వైద్యుడు దాన్ని గ్రంథస్థం చేశాడు. జొన్నే ప్రధానంగా తినే దక్కన్ పేదల్లోనూ ఆ జబ్బుందని హైదరాబాద్ పరిశోధకులు 1960లో రాశారు. పక్కన సాసేజ్ ఉందంటే ఆ ఇంటికి రోజులు బాగున్నట్టే.

తెనాలి నుంచి: మరి రవ్వని 'వానలా' పోయమంటారు వాళ్లు. దాన్నెలా రాయను?

మదనపల్లె నుంచి: వాన ఎందుకక్కా, 'ఉండ కట్టకుండా చల్లుతూ' అంటే మనవాళ్లకు చాలు.

తెనాలి నుంచి: సరే, ఇలా రాశాను: 'ఎసరు మసలగానే ఒక చేత్తో రవ్వ చల్లుతూ, రెండో చేత్తో తెడ్డు ఆపకుండా తిప్పండి. గట్క గిన్నె అంచు వదిలేదాకా దించొద్దు.' పేరు పొలెంటానే ఉంచి, పక్కన 'ఇటలీ మక్క గట్క' అని పెట్టాను. ఇంకొకటి మిగిలింది. చెక్కపలక మీద కుమ్మరించి, గట్టిపడ్డాక దారంతో కోస్తారు. దానికి మాటుందా?

జగిత్యాల నుంచి: మాటెందుకక్కా, ఉడికిన గుడ్డుని దారంతో కోసినట్టు అని రాయండి.