రేకుల షెడ్డులో ట్రాన్స్‌ఫార్మర్: ఎఫ్ క్లాసా, హెచ్ క్లాసా?

తణుకు మిల్లు: మాది రైస్ మిల్లు. 500 కేవీఏ డ్రై టైప్ (ఆయిల్ లేకుండా గాలితోనే చల్లబడేది) ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలి. రెండు కొటేషన్లొచ్చాయి. ఒకటి ఎఫ్ క్లాసు (155 డిగ్రీలు), టెంపరేచర్ రైజ్ 80. రెండోది హెచ్ క్లాసు (180), రైజ్ 125, ధర కాస్త తక్కువ. 180 ఓర్చేది చవగ్గా వస్తుంటే 155ది ఎందుకురా అంటారు నాన్నగారు. రోహిణి కార్తెలో మా షెడ్డు లోపల 48 చూపిస్తుంది. ఏది తీసుకోమంటారు?

భీమవరం ఐస్ ప్లాంట్: ఆలోచించేదేముందండీ, హెచ్చే. రొయ్యల సీజన్లో మా కంప్రెసర్లు రాత్రీ పగలూ ఆగవు. ఆరేళ్లయింది, ఒక్క ట్రిప్పు లేదు.

పాత వైండర్: ఆగండి బాబూ. ఇన్సులేషన్ ఎంత వేడి ఓర్చుకుంటుందో చెప్పేది క్లాసు. ఫుల్ లోడ్ మీద కాయిల్ చుట్టూ ఉన్న గాలికన్నా ఎంత ఎక్కువ వేడెక్కుతుందో చెప్పేది రైజ్. హెచ్ లెక్క చూడండి: గాలి 40, రైజ్ 125, కాయిల్లో ఎక్కువ కాగే చోటికి ఇంకో 15. సరిగ్గా 180. మీ షెడ్డు 48 అయితే 188, హద్దు దాటేసింది. ఎఫ్‌కి 48, 80, 15 కలిపితే 143. ఇంకా 12 చేతిలో ఉంది. పది డిగ్రీలు పెరిగితే ఇన్సులేషన్ ఆయుష్షు సగమని పాత లెక్క.

భీమవరం ఐస్ ప్లాంట్: అది ఫుల్ లోడ్ మాట కదా మాస్టారూ. మిల్లు ఏడాదంతా ఫుల్ లోడ్ లాగుతుందా? 70 శాతం మీద రైజ్ బాగా పడిపోతుంది.

పాత వైండర్: నిజమే, మీది అందుకే నిలబడుండొచ్చు. కానీ దాళ్వా (రబీ) ధాన్యం మిల్లుకొచ్చేదెప్పుడు? ఏప్రిల్, మే. మిల్లు గట్టిగా ఆడేదీ, ఎండ మండేదీ ఒక్కసారే. దానికి తోడు దుమ్ము. కిందటేడు ఒక మిల్లులో విప్పి చూస్తే కాయిళ్ల మధ్య గాలి సందులు తవుడుతో పూడిపోయున్నాయి. వార్నిష్ గోటితో గీకితే మాడిన అట్టు పెచ్చులా రాలింది. అదీ హెచ్ క్లాసేనండి. పైగా ఆ వేడంతా మీరు బిల్లు కట్టే కరెంటే.

నరసాపురం: క్లాసు ఏదైనా తేమని ఆపదు. వానాకాలంలో వారం ఆపేస్తే, మళ్లీ కరెంటు ఇచ్చే ముందు మెగ్గర్ (ఇన్సులేషన్ బాగుందో లేదో కొలిచే మీటరు) కొట్టి చూసుకోండి. అసలు ఆయిల్‌ది కొని బయట పెట్టుకోరాదూ?

తణుకు మిల్లు: బయట చోటు లేదండి, ఒక పక్క కాలవ, ఒక పక్క కల్లం. ఎఫ్ వాళ్లకే ఫోన్ చేశా. నేమ్ ప్లేటు మీద రైజ్ 80 అని కొడతారా అంటే "చూద్దాం సార్" అన్నారు.

పాత వైండర్: చూద్దాం అన్నాడంటే కొట్టడు. ఆర్డర్లో రాయించి, టెంపరేచర్ రైజ్ టెస్టు రిపోర్టు చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి.