చిత్తూరు నుంచి తిరుపతికి కారు 3,200: కరోనా పోయింది, కరోనా రేటు ఎప్పుడు పోతుంది?

చిత్తూరు మామిడి

అమ్మకు కంట్లో ఇంజెక్షన్ వేయించడానికి నెలకోసారి తిరుపతి వెళ్ళాలి. డెబ్బై కిలోమీటర్లు. పొద్దున ఏడింటికి బయల్దేరి, ఆసుపత్రి దగ్గర నాలుగైదు గంటలు ఆగి, సాయంత్రానికి ఇల్లు చేరతాం. 2019లో అమ్మకు మోకాలు చూపించడానికి ఇదే దారిలో ఇంతే సేపు వెళ్ళొస్తే 1,600 ఇచ్చేవాళ్ళం. మొన్న బుధవారం 3,200 తీసుకున్నారు. పైగా గాదంకి టోల్ పోనూ రానూ విడిగా, పార్కింగ్ విడిగా, డ్రైవర్ భోజనానికి 150 విడిగా. ఇదేంటి బాబూ అంటే "కరోనా తర్వాత అన్నీ పెరిగాయి కదమ్మా" అన్నాడు.

ఆ మాట వినీ వినీ విసుగొచ్చేసింది. ఇస్త్రీ అతనూ అదే అంటాడు. స్టవ్ బాగుచేసే అతను గుమ్మంలో కాలు పెడితేనే 300 అంటాడు, చేసే పనికి మళ్ళీ వేరే. కష్టకాలంలో పెంచారు, సరే, అప్పుడు ఎవరం నోరెత్తలేదు. ఆ కాలం పోయాక ఎందుకు దించలేదు? ఇది న్యాయమేనా, లేక అలవాటైపోయిన దోపిడీనా?

మసాలా వడ

మా వీధి చివర ఇడ్లీ బండి కూడా అంతే. రేటు పెరిగింది, ఇడ్లీ చిన్నదైంది. చట్నీ సంగతి అడక్కండి.

స్టీరింగ్ సామి

అక్కా, దోపిడీ అన్నారు చూడండి, అక్కడ ఆగండి. పద్నాలుగేళ్ళుగా తిరుపతిలో బండి నడుపుతున్నాను. 2020 మార్చి 20న కొండ మీద దర్శనం ఆపేశారు. మామూలు భక్తులకు మళ్ళీ తెరిచింది జూన్ 11న. ఎనభై రోజుల పైన. కొండ మీద దర్శనం లేకపోతే ఈ ఊళ్ళో కారు ఎవరికి కావాలి? తెరిచాక కూడా కొద్ది మందినే పంపేవాళ్ళు, అందులో సగం మంది సొంత బండ్లలో వచ్చేవాళ్ళే. బ్యాంకు వాళ్ళు మార్చి నుంచి ఆగస్టు దాకా వాయిదాలు కట్టక్కర్లేదన్నారు, అబ్బా అనుకున్నాం, తర్వాత చూస్తే వడ్డీ మాత్రం ఆగకుండా ఎక్కుతూనే ఉంది. నాకు రెండు బండ్లుండేవి. ఒకటి అమ్మేశాను, అదీ సగం ధరకి.

డీజిల్ 2020 మొదట్లో డెబ్బై దగ్గరుండేది. ఇప్పుడు వందకు అటూ ఇటూ. 2022 ఏప్రిల్లో ఆర్టీసీ డీజిల్ సెస్సు వేసింది, జూలైలో మళ్ళీ పెంచింది. దాన్నెవరూ దోపిడీ అనలేదే? మేం పెంచితేనే మీకు కళ్ళు మండుతాయి.

చిత్తూరు మామిడి

డీజిల్ లెక్కే చూద్దాం. పోనూ రానూ 140 కిలోమీటర్లు. లీటరుకు 18 ఇస్తుందనుకున్నా ఎనిమిది లీటర్లు. లీటరుకు ముప్పై పెరిగిందనుకుందాం, మీరు చెప్పినట్టే. మొత్తం 240 రూపాయలు. 1,600కు 240 కలిపితే 1,840. మిగతా 1,360 ఏ బంకులో పోయించారు?

ఇంకో సంగతి. 2021 నవంబరులో కేంద్రం డీజిల్ మీద పన్ను లీటరుకు పది రూపాయలు తగ్గించింది, 2022 మేలో ఇంకో ఆరు. ఆ రెండుసార్లూ మీ రేటు ఎంత తగ్గింది? పెరిగినప్పుడు మాత్రం పొద్దున బంకు బోర్డు మారితే మధ్యాహ్నానికి మీ రేటు మారుతుంది.

బెంగళూరు కోడలు

3,200కి రోజంతా కారు, డ్రైవర్ ఆగి ఉండటం, ఇది ఎక్కువంటారా? బెంగళూరులో ఊళ్ళో తిరగడానికే అంతవుతుంది. మేము పండక్కి వచ్చినప్పుడు ఎంతంటే అంత ఇచ్చేస్తాం, బేరాలాడే ఓపిక లేదు.

చిత్తూరు మామిడి

అదే మా ఖర్మ. మీరు ఏడాదికి రెండుసార్లొచ్చి బేరం లేకుండా ఇచ్చి వెళ్తారు, ఆ రేటు మిగతా మూడొందల అరవై రోజులూ మా నెత్తిన ఉంటుంది. మీ జీతం బెంగళూరుది, మా జీతం చిత్తూరుది.

పాకాల జంక్షన్

నేను రైల్వేలో పనిచేసి రిటైరైనవాణ్ణి. చర్చ ఎటో పోతోంది కానీ మొదటి పోస్టులో ఒక తప్పుంది, ఎవరూ గమనించలేదు. "టోల్ పోనూ రానూ విడిగా" అన్నారు. 24 గంటల్లోపు తిరిగొస్తే రెండు పూర్తి టోళ్ళు కట్టక్కర్లేదు, రెండూ కలిపి ఒకటిన్నర రెట్లే. ఫాస్టాగ్ ఉంటే వచ్చేటప్పుడు తనంతట తానే తక్కువ కోసుకుంటుంది. మీ దగ్గర రెండు పూర్తి టోళ్ళు తీసుకున్నారా, ఒకటిన్నర తీసుకున్నారా?

చిత్తూరు మామిడి

రెండు పూర్తివే సార్. ఈ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది.

స్టీరింగ్ సామి

సార్, ఒక్కోసారి రిటర్న్‌లో కూడా పూర్తిగా కోసేస్తుంది. మెషిన్ తప్పుకి మేమేం చేస్తాం? అయినా ఆ తేడా ఎంత? మూడు వేల రెండొందల గొడవలో అది తెచ్చి పెడతారా?

పాకాల జంక్షన్

ఎంత అన్నది కాదు. ఫాస్టాగ్ 2021 ఫిబ్రవరిలో తప్పనిసరి చేశారు. అప్పటి నుంచి ప్రతి కోతకూ మీ ఫోనుకి మెసేజ్ వస్తుంది. ఆ మెసేజ్ ప్రయాణికుడికి చూపించి, ఎంత పోతే అంత తీసుకోవచ్చు. అందులో కష్టమేముంది?

స్టీరింగ్ సామి

మెసేజ్ ఓనర్ ఫోనుకి వస్తుంది, డ్రైవర్ ఫోనుకి కాదు. నాది సొంత బండి కాబట్టి నాకొస్తుంది. అందరికీ అట్లా కాదు.

పాకాల జంక్షన్

ఓనర్‌కి ఫోన్ చేసి అడగొచ్చు.

మసాలా వడ

టోల్ వదలండి సార్. లడ్డూ సంగతి చూడండి. ఇరవై అయిదుది యాభై అయింది. కరోనా పేరు చెప్పి దేవుడి దగ్గర కూడా అంతే.

పాకాల జంక్షన్

అది 2020 జనవరి. కరోనాకు ముందు. అప్పుడే ప్రతి భక్తుడికీ ఒక లడ్డూ ఉచితం చేశారు, పైన కావాలంటే యాభై. 300 దర్శనం టికెట్ ఇప్పటికీ 300. తెలిసింది రాయండి.

మసాలా వడ

సరే సార్, లడ్డూ వెనక్కి తీసుకుంటున్నా. గదుల సంగతో? 2023 జనవరిలో కొండ మీద నారాయణగిరి గెస్ట్‌హౌస్‌లో 150 గది 1,700 కాలేదా?

పాకాల జంక్షన్

అయింది. బాగుచేసి ఏసీలు పెట్టాం అన్నారు. 50, 100 గదులు ముట్టుకోలేదు. అవి దొరకడం వేరే విషయం.

రూమ్ నంబర్ 9

గదుల మాటొచ్చింది కాబట్టి రాస్తున్నాను. నేను స్టేషన్ దగ్గర ఒక చిన్న లాడ్జిలో మేనేజర్ని. 2022 జూలై 18 దాకా వెయ్యి లోపు గదికి జీఎస్టీ లేదు. ఆ రోజు నుంచి 12 శాతం. మా 900 గది రాత్రికి రాత్రి 1,008 అయింది. పైసా కూడా మాకు రాదు, తిట్లు మాత్రం కౌంటర్లో కూర్చున్నవాడికి. "మొన్న తొమ్మిదొందలే కదా" అని భక్తులు నా మీద పడేవాళ్ళు. దుప్పట్లు ఉతికే మనిషి కూలి పెంచమంది, లిఫ్టు కాంట్రాక్టు పెరిగింది, కరోనాలో ఊరెళ్ళిపోయిన కుర్రాళ్ళు తిరిగి రాలేదు, కొత్తవాళ్ళు పాత జీతానికి చీపురు పట్టరు.

చిత్తూరు మామిడి

2025 సెప్టెంబర్ 22 నుంచి అదే జీఎస్టీ 5 శాతానికి దిగింది కదండీ. ఇప్పుడు మీ గది 945 ఉండాలి. ఉందా?

రూమ్ నంబర్ 9

లేదు. ఓనర్ 1,000 రౌండ్ ఫిగర్ చెయ్యమన్నారు. అయిదు శాతం అయితే మేం కొన్న సామాను మీద కట్టిన పన్ను వెనక్కి రాదు, అది కూడా చూడాలి కదా మేడమ్.

మసాలా వడ

రౌండ్ ఫిగర్ ఎప్పుడూ పైకే రౌండ్ అవుతుంది, కిందికి అవ్వగా నేను చూడలేదు.

పాకాల జంక్షన్

రైలు చార్జీ దిగింది. కరోనాలో ప్యాసింజర్ బండ్లు ఆపేసి, మళ్ళీ నడిపినప్పుడు స్పెషల్ అని ఎక్స్‌ప్రెస్ చార్జీ పెట్టారు. కనీస టికెట్ 10 నుంచి 30. మూడు రెట్లు. మా కాట్పాడి–తిరుపతి బండి ఎక్కే కూలీలు, పాలవాళ్ళు ఎంత ఏడ్చారో నాకు తెలుసు. 2024 ఫిబ్రవరి చివర్లో మళ్ళీ 10 చేశారు. అంటే పెంచినది దించడం కుదరని పని కాదు.

కానీ ముసలివాళ్ళ రాయితీ మాత్రం 2020 మార్చి 20న తీసేసినది ఇంతవరకు ఇవ్వలేదు. మగవాళ్ళకు 40 శాతం, ఆడవాళ్ళకు 50. నేను బతుకంతా రైల్వేకి పనిచేసి ఈ మాట రాస్తున్నాను.

బెంగళూరు కోడలు

మరి చిత్తూరు మామిడి గారూ, ప్యాసింజర్‌లోనే వెళ్ళొచ్చుగా, బస్సూ ఉంది.

చిత్తూరు మామిడి

ఇంజెక్షన్ తర్వాత కంటికి కట్టు కడతారు. మోకాళ్ళు ముందే పోయాయి. డెబ్బై రెండేళ్ళ మనిషిని ఒక కన్ను మూసి బస్సు మెట్లెక్కించి చూడండి, తర్వాత చెప్పండి సలహాలు.

స్టీరింగ్ సామి

అక్కా, మీరు ఇందాక 1,360 ఏ బంకులో పోయించారన్నారు. రెండు రోజులుగా అదే తిరుగుతోంది తలలో. బండి డీజిల్ ఒక్కదానితోనే నడుస్తుందా? ఇన్సూరెన్సు, ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్), టైర్లు, ట్యాక్సు. అన్నిటికంటే ముఖ్యం, ట్రిప్పులు తగ్గాయి. కరోనాలో ప్రతివాడూ ఒక సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాడు. నాకు ముందు నెలకు ఇరవై ట్రిప్పులు, ఇప్పుడు పన్నెండు. ఇరవై మీద పంచుకునే ఖర్చు పన్నెండు మీద పంచాలి. మీకు ఒకటో తారీకు జీతం పడుతుంది, మాకు ఫోన్ మోగితేనే అన్నం.

ఇంకో మాట కూడా అనేస్తాను. 2021 మేలో ఒక్క మనిషి గుమ్మం దాటలేదు. అంబులెన్సులు దొరకలేదు. అప్పుడు ఎవరొచ్చారు? మేమే. దగ్గుతున్న మనుషుల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆసుపత్రులు తిప్పింది మేమే. అప్పుడు దేవుళ్ళం, ఎంతడిగితే అంత చేతిలో పెట్టారు. ఇప్పుడు దొంగలమైపోయామా?

చిత్తూరు మామిడి

ఎంతడిగితే అంత పెట్టాం. మీరే అన్నారు.

2021 మే రెండో వారం. నాన్నకు ఆక్సిజన్ 84కి పడిపోయింది. చిత్తూరులో మంచం లేదు, తిరుపతి తీసుకెళ్ళమన్నారు. ఏడుగురికి ఫోన్ చేశాను. ఒకతను వస్తానన్నాడు, 8,000 అన్నాడు. సరే అన్నాను. బండి గుమ్మం ముందుకొచ్చాక, నాన్నను మంచం మీద నుంచి లేపాక, 10,000 అన్నాడు. అమ్మ లోపలికెళ్ళి బీరువా తీసింది. నాన్న అదంతా చూస్తూనే ఉన్నారు, ఊపిరందక మాట రాలేదు కానీ చెయ్యి ఊపారు, వద్దు అని. డబ్బు వద్దనో వెళ్ళడం వద్దనో నాకిప్పటికీ తెలియదు. నాన్న తిరిగి రాలేదు.

ఇప్పుడు ప్రతి నెలా అమ్మ అదే దారిలో కారెక్కుతుంది. "కరోనా తర్వాత పెరిగాయమ్మా" అని ఎవరైనా అన్నప్పుడు ఆమె మొహం కిటికీ వైపు తిప్పుకుంటుంది. నాకు 3,200 ఒక సమస్య కాదు, ఇస్తున్నాను కదా. ఎదుటివాడికి వేరే దారి లేదని తెలిశాక ఎంతవరకు అడగొచ్చు అన్నది మీరంతా అప్పుడు నేర్చుకున్నారు. నేర్చుకున్నది మర్చిపోలేదు. నేనంటున్నది అది.

మసాలా వడ

అక్కా, నేను ఇంక జోకులు వెయ్యను.

స్టీరింగ్ సామి

నిన్నంతా రాయలేదు. ట్రిప్పులో ఉన్నాను, నిజానికి ఏం రాయాలో కూడా తెలియలేదు.

ఆ డబ్బు తీసుకున్నది నేను కాదు. కానీ అబద్ధం చెప్పను, ఆ నెల నేను కూడా ఎక్కువే తీసుకున్నాను. పది కాదు, ఎనిమిది కాదు, అయిదు. గుమ్మం ముందు మాట మార్చలేదు. ప్రతిసారీ ఇంటికెళ్ళి వెనక పంపు దగ్గరే స్నానం చేసి, నెలంతా వరండాలో పడుకున్నాను, మా పాప కిటికీలోంచి మాట్లాడేది. దానికి రేటెంతో మీరే చెప్పండి.

చిత్తూరు మామిడి

దానికి రేటు నేను చెప్పలేను తమ్ముడూ. అయిదు వేలు కూడా తక్కువేనేమో. కానీ అది ఆ నెల రేటు. అమ్మ కంటి ఇంజెక్షన్ కోసం ఇప్పుడెవరూ వరండాలో పడుకోవక్కర్లేదు.

స్టీరింగ్ సామి

సరే, లెక్కే రాస్తాను, దాచేదేముంది. డీజిల్ 800. పొద్దున ఏడు నుంచి సాయంత్రం దాకా నా కూలి 800. బండి వాయిదా, ఇన్సూరెన్సు, టైర్లు, ఎఫ్‌సీ అన్నీ కలిపి ట్రిప్పుకు 900 పడుతుంది. మొత్తం 2,500. మీ దగ్గర 3,200 తీసుకున్న అతను మిగతా 700 లాభం అనుకున్నాడో, ఖాళీగా కూర్చున్న రోజుల ఖర్చు అనుకున్నాడో. నేనైనా అంతే అనుకుంటాను.

చిత్తూరు మామిడి

ఖాళీ రోజులవైతే ఆ రోజులు నావి కాదు కదా.

స్టీరింగ్ సామి

మీవి కాదు. మరి ఎవరివి? నాకొక్కడికేనా?

రూమ్ నంబర్ 9

మా ఓనర్ కూడా సరిగ్గా ఇదే అడుగుతాడు.

పాకాల జంక్షన్

టోల్ ఈ లెక్కలో లేదు.

స్టీరింగ్ సామి

టోల్ మెసేజ్ చూపిస్తాను సార్, ఎంత పోతే అంతే. అక్కా, నెలనెలా అంటున్నారు కాబట్టి 2,800కి నేనొస్తాను. అంతకు తగ్గితే నాకు గిట్టదు, ముందే చెప్తున్నా.

చిత్తూరు మామిడి

అమ్మనడిగి చెప్తాను. ఆ 2,800లో భోజనం 150 ఉన్నట్టేనా, అది మళ్ళీ వేరేనా?