పొగ తాగే గది కొన్ని వ్యాపారాలకే ఎందుకు?

బిల్లుపుస్తకం:
2008 అక్టోబర్ 2 నుంచి మన దేశంలో అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ముప్పై, అంతకుమించి సీట్లున్న రెస్టారెంటు, ముప్పై గదుల హోటల్, విమానాశ్రయం పొగ తాగేవాళ్లకు విడిగా గది పెట్టుకోవచ్చు. నాది 28 సీట్ల రెస్టారెంటు, నాకు ఆ వీలు లేదు. ఇరవై తొమ్మిదో కుర్చీ దాకా విషమైన పొగ ముప్పయ్యో కుర్చీ దగ్గర అగరుబత్తి అయిపోతుందా?

ఆఖరిదమ్ము:
ఇంకో రెండు కుర్చీలు వేసెయ్ అన్నా, గొడవ వదిలిపోతుంది.

బిల్లుపుస్తకం:
జోకులు ఆపండి. ఆ గదికి నాలుగు వైపులా నిండు గోడలుండాలి, తలుపు దానంతటదే మూసుకోవాలి, లోపలి గాలి నేరుగా బయటికే పోవాలి. నాకున్న స్థలంలో అది కడితే తినేవాళ్లు వంటింట్లో కూర్చోవాలి. అయినా ప్రశ్న అది కాదు. ముప్పై అనే అంకె ఎందుకు?

రెండోషిఫ్ట్:
దానంతటదే మూసుకునే తలుపు సంగతి నన్నడగండి. ఒక పెద్ద హోటల్లో మూడేళ్లు అలాంటి గది తుడిచాను. శనివారం రాత్రి అయ్యేసరికి బయటి స్నేహితులతో మాట కలపడానికి ఎవరో ఒకరు ఆ తలుపుకు కుర్చీ అడ్డం పెట్టేవాళ్లు. తీస్తే తిట్లు. అలాంటి గదుల్లో సర్వీస్ ఉండకూడదని 2017లో సవరణ వచ్చింది. మా సూపర్‌వైజర్ ఏమన్నాడో తెలుసా? "ఇది సర్వీస్ కాదురా, గ్లాసులు తెచ్చెయ్, అంతే." ఇంటికెళ్తే మా పాప దగ్గరికి రానిచ్చేది కాదు.

బిల్లుపుస్తకం:
అయ్యో పాపం. కానీ నేనడిగింది ముప్పై గురించి.

కిటికీసీటు:
ముందు లిఫ్టులో తాగేవాళ్లను పట్టుకోండి బాబూ.

ఆఖరిదమ్ము:
బయటి దేశాల్లోనూ మినహాయింపులున్నాయి. న్యూయార్క్‌లో పాత సిగార్ బార్లను వదిలేశారు, ఆదాయంలో కనీసం పది శాతం పొగాకు అమ్మకాలు, సిగార్లు దాచుకునే పెట్టెల అద్దె మీద రావాలన్న షరతుతో. సిగార్ బార్‌కి వెళ్లి మజ్జిగ తాగుతారా?

రెండోషిఫ్ట్:
అమెరికాలోనే నెవాడా రాష్ట్రం సంగతి కూడా చెప్పండి మరి. 2006లో అక్కడి ఓటర్లు పొగ నిషేధ చట్టానికి ఓటేశారు, జూదం ఆడే హాళ్లను మాత్రం అందులోంచి తప్పించారు. ఆడేవాడు గంటకో రెండు గంటలకో లేచిపోతాడు. ముక్కలు పంచేవాడు షిఫ్ట్ అయ్యేదాకా ఆ పొగలోనే ఉండాలి. విడి గదులు, గాలి యంత్రాలు పెట్టినా పక్కవాళ్ల పొగ బెడద పూర్తిగా తప్పదని అదే ఏడాది అమెరికా సర్జన్ జనరల్, అంటే అక్కడి ప్రజారోగ్య పెద్ద అధికారి, నివేదిక చెప్పింది.

బిల్లుపుస్తకం:
ఇష్టం లేకపోతే ఉద్యోగం మానేయొచ్చుగా? ఎవరు కట్టేశారు?

రెండోషిఫ్ట్:
మానేశాను సార్. నా స్థానంలో ఇంకో కుర్రాడు చేరాడు. గది అలాగే ఉంది. మీరు ఒక్క రాత్రి ఆ బూడిద గిన్నెలు కడిగి, తర్వాత ముప్పై గురించి మాట్లాడండి.

బిల్లుపుస్తకం:
నా బాధ మీకేం తెలుసు? ఎనిమిది మంది వస్తారు, అందులో ఒక్కడు తాగేవాడుంటే అందరూ లేచి పెద్ద హోటల్‌కి పోతారు. నెలకు ఎన్నిసార్లో లెక్కపెట్టడం మానేశాను.

రెండోషిఫ్ట్:
అంటే మీకు పొగతో పేచీ లేదు, గదితోనూ లేదు. పక్కవాడికి ఉండి మీకు లేకపోవడంతో పేచీ.

బిల్లుపుస్తకం:
అవును, అంతే! రేపు అందరికీ తీసేయమనండి, స్వీట్లు పంచుతాను.

ఆఖరిదమ్ము:
ఇదేంటన్నా! ఇంతసేపూ నీ తరఫునే కదా మాట్లాడాను?

బిల్లుపుస్తకం:
ఎవరు మాట్లాడమన్నారు?

ఆఖరిదమ్ము:
సరే, అన్నీ తీసేయండి. నేనెక్కడ తాగాలి? రోడ్డు మీదా? ఇంట్లో పిల్లల ముందా? మేం అసలు ఎక్కడా కూర్చోకూడదన్నదే మీ మాటైతే మొదటే చెప్పాల్సింది. ఈ సీట్లూ తలుపులూ ఎందుకు?

రెండోషిఫ్ట్:
తాగొద్దని నేననలేదు తమ్ముడూ. నువ్వు లేచాక ఆ గదిలోకి చీపురు పట్టుకుని ఎవరు వెళ్లాలో చెప్పు, చాలు.

ఆఖరిదమ్ము:
నేనే తుడుచుకుంటా. గది ఇప్పించండి.

బిల్లుపుస్తకం:
ముప్పై సీట్లుంటేనే ఇస్తారు.