చక్కెర వేయని స్మూతీని "చక్కెర లేనిది" అనొచ్చా?

నీలిగ్లాసు
నాలుగు నెలలుగా ఇంట్లో చేస్తున్న స్మూతీ ఇది. పంచదార ఒక్క పలుకు కూడా వేయను, తేనె కూడా లేదు. రెండు గ్లాసులకి కొలత చెప్తా. తొక్క మీద మచ్చలు వచ్చేదాకా మగ్గబెట్టి ఫ్రీజర్‌లో పెట్టిన అరటిపండు ఒకటి, తొక్కతో ఆపిల్ ఒకటి, ఉడికించి చల్లార్చిన క్యారెట్ ఒకటి, గుప్పెడు పాలకూర, గింజ తీసి నానబెట్టిన ఖర్జూరాలు నాలుగు, 200 మి.లీ. కమలా రసం. ముందు రసం, ఆకు వేసి ఆకు జాడ కనపడకుండా తిప్పాలి, ఆ తర్వాతే మిగతావి. పాలకూర పేరెత్తితే పారిపోయే మా ఏడేళ్ల వాడు ఇది మాత్రం గ్లాసు అడుగు దాకా నాకేస్తాడు.

మొన్న తెలిసినవాళ్ల గ్రూపులో దీన్ని "చక్కెర లేని స్మూతీ" అని పెడితే ఒకాయన "అది అబద్ధం" అని రాశాడు. నేను వేయని చక్కెర ఎక్కడినుంచి వస్తుందండీ? మీరే చెప్పండి.

చుక్కలఅరటి
క్యారెట్ ఉడికించడం మంచి పని. పచ్చిది ఎంత తిప్పినా నాలుకకి రంపప్పొట్టులా తగులుతుంది. ఓవెన్‌లో కాల్చి చూడండి, ఇంకా తియ్యగా ఉంటుంది.

తూకంరాయి
ఆ ఒకాయన నేను కాదు. కానీ నేనున్నా అదే రాసేవాణ్ణి.

"ఎక్కడినుంచి వస్తుంది" అన్నారు కాబట్టి లెక్క చెప్తా. మీడియం సైజు అరటిపండులో సుమారు 14 గ్రాముల చక్కెర. ఆపిల్‌లో 19. మెడ్జూల్ అనే పెద్ద రకం ఖర్జూరం ఒక్కోదాంట్లో 16, నాలుగుకి 64. 200 మి.లీ. కమలా రసంలో 17. క్యారెట్‌లో 3. పాలకూరది లెక్కలోకే రాదు. మొత్తం 117. అంటే గ్లాసుకి 58 గ్రాములు. 330 మి.లీ. కోలా డబ్బాలో ఉండేది 35.

మీ స్మూతీ విషం అని నేననడం లేదు. "చక్కెర కలపలేదు" అనండి, ఒప్పుకుంటా. "చక్కెర లేదు" అనకండి. అమెరికాలో డబ్బాల మీద లేబుళ్లకి ఈ రెండు మాటలూ వేరు వేరు. "షుగర్ ఫ్రీ" అని రాయాలంటే ఒక సర్వింగ్‌లో అర గ్రాము కంటే తక్కువ ఉండాలి. మీ ఖర్జూరం చివర కొరికినా అంతకంటే ఎక్కువే ఉంటుంది.

నీలిగ్లాసు
మెడ్జూల్ అని నేనెక్కడ రాశాను? మావి చిన్నవి.

తూకంరాయి
చిన్నవంటే ఎంత?

నీలిగ్లాసు
చిన్నవంటే చిన్నవి. బొటనవేలంత.

తూకంరాయి
ఎవరి బొటనవేలు? గింజ తీశాక 7 గ్రాములు తూగే రకం ఉంది, దాంట్లో చక్కెర నాలుగున్నర గ్రాములు. 24 గ్రాములు తూగే మెడ్జూల్ ఉంది. మూడు రెట్లకు పైగా తేడా. కాస్త తూకం వేసి చెప్పండి.

నిద్రమత్తు
పొద్దున్నే లేచి ఖర్జూరాలు తూచుకునే ఓపిక ఉంటే నేను స్మూతీ ఎందుకు తాగుతాను బాబూ.

నీలిగ్లాసు
తూచను. కోలాతో పోల్చినప్పుడే మీ ఉద్దేశం అర్థమైంది. కోలాలో పీచుందా? పొటాషియం ఉందా? క్యారెట్ ఉందా?

మెత్తనిపిండి
పీచు సంగతి ఎత్తకండి మేడమ్. బ్లేడు కింద పడ్డాక పీచు పొడైపోతుంది, ఇక ఉన్నా లేనట్టే. పండుని పండులాగే నమిలి తినాలి.

రెండోగ్లాసు
మీరు జ్యూసర్‌నీ బ్లెండర్‌నీ కలిపేస్తున్నారు. జ్యూసర్ పిప్పిని బయటికి నెట్టేస్తుంది. బ్లెండర్‌లో అది ఎక్కడికి పోతుంది? గ్లాసులోనే ఉంటుంది. ముక్కలు చిన్నవవుతాయి, అంతే.

మెత్తనిపిండి
ముక్కలు చిన్నవైతే పీచు పనిచేయదు. ఇది అందరికీ తెలిసిందే.

పుల్లనిమ్మ
చర్చకి సంబంధం లేదు కానీ, క్యారెట్ బదులు బీట్‌రూట్ వేసేవాళ్లు నిమ్మరసం పిండండి. దాని మట్టివాసనకి కారణం జియోస్మిన్ అనే పదార్థం, పులుపు తగిలితే అది విరిగిపోతుంది. చిటికెడు ఉప్పు వేస్తే ఆకు చేదు కూడా తగ్గుతుంది. ఖర్జూరాలు సగానికి తగ్గించినా తేడా తెలియదు.

తూకంరాయి
మెత్తనిపిండి గారు చెప్పింది సగం నిజం. 1977లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ప్రయోగం వచ్చింది. పదిమందికి ఒకసారి ఆపిల్ పళ్లు, ఒకసారి ఆపిల్ గుజ్జు, ఒకసారి వడకట్టిన రసం ఇచ్చారు. పండు తినడానికి పట్టిన టైమ్‌తో పోలిస్తే రసం పదకొండు రెట్లు వేగంగా తాగేశారు. కడుపు నిండినట్టు అనిపించడం పండుతో ఎక్కువ, గుజ్జుతో తక్కువ, రసంతో ఇంకా తక్కువ. రక్తంలో చక్కెర పెరగడం మూడింటికీ దాదాపు ఒకేలా ఉంది. ఇన్సులిన్ మాత్రం పండు కంటే గుజ్జుకీ రసానికీ ఎక్కువ పెరిగింది. గుజ్జులో పీచు మొత్తం ఉంది, గమనించండి. స్మూతీ అంటే గుజ్జే కదా.

రెండోగ్లాసు
అక్కడే ఆగిపోతే ఎలా సార్? 2022లో ఆపిల్, బ్లాక్‌బెర్రీ కలిపి ఇచ్చి చూశారు. బ్లెండ్ చేసి తాగినప్పుడే రక్తంలో చక్కెర తక్కువ ఎత్తుకి వెళ్లింది, విడిగా తిన్నప్పుడు కాదు. గింజలు నలిగి వాటిలోని పీచు, నూనె బయటికి రావడం వల్ల కావచ్చని వాళ్ల ఊహ. కాబట్టి "బ్లెండర్ పీచుని చంపేస్తుంది" అనే మాట అంత తేలిగ్గా చెల్లదు. ఏ పండు, గింజలున్నాయా లేవా, దాన్ని బట్టి ఉంటుంది.

మెత్తనిపిండి
ఆమె స్మూతీలో బ్లాక్‌బెర్రీ ఎక్కడుంది?

రెండోగ్లాసు
నేను మీ మాటకి జవాబిచ్చాను, ఆమె స్మూతీకి కాదు.

కొత్తబ్లెండర్
బెర్రీల మాట వచ్చింది కాబట్టి ఒకటి. బెర్రీల్లాంటి వాటిలో ఉండే ఫ్లావనాల్స్ అనే మేలుచేసే పదార్థాలు, అరటిపండు స్మూతీ తాగినప్పుడు ఒంటికి పట్టడం 84 శాతం దాకా తగ్గిందని 2023లో ఒక పరిశోధన వచ్చింది. కోసిన అరటిపండు నల్లబడేలా చేసే ఎంజైమే కారణమట. తీపి కోసం అరటి, ఆరోగ్యం కోసం బెర్రీ అని రెండూ కలిపే నాలాంటి వాళ్ల నోట్లో మట్టి.

రాయిబాధితుడు
పాలకూరలో ఆక్సలేట్లు ఎక్కువ. ఒకసారి కిడ్నీలో రాయి వచ్చినవాళ్లు రోజూ తాగేముందు డాక్టర్‌ని అడగండి. అనుభవంతో చెప్తున్నా, ఆ నొప్పి పగవాడికి కూడా వద్దు.

నీలిగ్లాసు
అరటి వద్దు, ఆకు వద్దు, ఖర్జూరం వద్దు, బ్లెండర్ వద్దు. ఇక ఖాళీ గ్లాసు తాగమంటారా?

ప్రపంచ ఆరోగ్య సంస్థే పండులో ఉండే చక్కెర గురించి ఏమీ అనలేదు. వాళ్లు తగ్గించమన్నది బయటినుంచి కలిపే చక్కెరని. ఇది కూడా అందరికీ తెలిసిందే, మెత్తనిపిండి గారూ.

తూకంరాయి
2015 నాటి ఆ మార్గదర్శకం పూర్తిగా చదివితే తగ్గించమన్నవాటిలో కలిపే చక్కెరతో పాటు తేనె, సిరప్‌లు, పండ్ల రసం కూడా ఉన్నాయి. మీ 200 మి.లీ. కమలా రసం అందులోకి వస్తుంది. కొరికి తినే పండు రాదు. బ్రిటన్ ఇంకో అడుగు ముందుకేసి బ్లెండ్ చేసిన పండులోని చక్కెరని కూడా అదే లెక్కలో వేస్తుంది. రసమైనా స్మూతీ అయినా కలిపి రోజుకి 150 మి.లీ. దాటొద్దంటుంది.

నాకెందుకు ఇంత పట్టింపు అంటారేమో. నాకు షుగర్ వచ్చి తొమ్మిదేళ్లు. రెండేళ్ల క్రితం చుట్టాలింటికి వెళ్తే ఇలాంటిదే ఇచ్చారు. "చక్కెర లేదు, మీకోసమే చేశాం" అన్నారు. మొహమాటానికి ఒకటి, బాగుందని ఇంకొకటి తాగాను. రెండు గంటల తర్వాత చూసుకుంటే 287. వాళ్ల మీద కోపం లేదు, ప్రేమతో చేశారు. ఆ మాట మీద కోపం.

నీలిగ్లాసు
మీకు షుగర్ ఉండి, ఖర్జూరాలు వేసిన స్మూతీ తియ్యగా ఎందుకుందో అడగకుండా రెండు గ్లాసులు తాగారు. అది నా స్మూతీ తప్పా?

తూకంరాయి
అడిగాను. "లేదు" అన్నారు. అడిగినా నిజం చెప్పని మాట గురించే నేను పొద్దుట్నుంచీ మొత్తుకుంటున్నది. మీరు ఆ కుర్రాడికి చేస్తున్నదీ అదే.

నీలిగ్లాసు
మధ్యలో మా వాడు ఎందుకొచ్చాడు?

తూకంరాయి
గ్లాసులో పాలకూర ఉందని వాడికి తెలుసా?

నీలిగ్లాసు
తెలియదు. తెలిస్తే తాగడు.

తూకంరాయి
అదీ సంగతి.

నిద్రమత్తు
అయిపోయింది. పాప్‌కార్న్ తెచ్చుకుంటా.

నిర్వాహకుడు
పెంపకం గురించి వ్యక్తిగతంగా రాసిన రెండు వ్యాఖ్యలు తీసేశాను. స్మూతీ గురించి మాట్లాడండి.

నీలిగ్లాసు
తీసేసిన వాటిలో నాది ఒకటి. మళ్లీ రాస్తాను, ఈసారి తిట్లు లేకుండా.

తూకంరాయి గారూ, మూడేళ్లు. మూడు పూటలా పళ్లెం ముందు ఏడ్చే పిల్లాడి దగ్గర ఎప్పుడైనా కూర్చున్నారా? వాడికి ఆకు నోట్లో పెడితే వాంతి. పెంకితనం కాదు, నిజంగా వాంతి. డాక్టర్ బరువు గ్రాఫ్ చూపించి "కూరగాయలు పెట్టడం లేదా" అని అడిగాడు, నేను వాణ్ణి పస్తులుంచుతున్నట్టు. ఇంట్లో ప్రతివాళ్లకీ ఒక సలహా. ఒక్కరూ ఒక్క పూట కూర్చుని తినిపించలేదు. నాలుగు నెలల క్రితం వాడు మొదటిసారి ఆకు ఉన్న గ్లాసు ఖాళీ చేసినప్పుడు వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. ఇప్పుడు మీరొచ్చి 58 గ్రాములు అంటున్నారు. నాకు వినపడింది "నువ్వు చేసింది ఇదీ తప్పే" అని.

రెండోగ్లాసు
అక్కా, తప్పని ఎవరూ అనలేదు.

నీలిగ్లాసు
అనకుండానే అన్నారు.

తూకంరాయి
కూర్చున్నానమ్మా. మా అమ్మాయితో. మేం గుమ్మడికాయ ఉడికించి, మెత్తగా చేసి పాస్తా సాస్‌లో కలిపేవాళ్లం. బాగానే నడిచింది, ఎనిమిదేళ్లప్పుడు అది వంటింట్లోకి వచ్చి చూసేదాకా. ఏడవలేదు, అరవలేదు. ఆ తర్వాత రెండేళ్లు ఏది పెట్టినా ముద్ద ఎత్తేముందు "ఇందులో ఏముంది?" అని అడిగేది. చెప్పినా నమ్మేది కాదు. అప్పటిదాకా ఇష్టంగా తిన్న పాస్తా కూడా మానేసింది. నా షుగర్ లెక్క కంటే నాకు గుర్తొచ్చేది ఆ ప్రశ్నే. ఇది మొదటే రాయాల్సింది, గ్రాములతో మొదలుపెట్టాను.

చుక్కలఅరటి
మా వాడికి నేను చెప్పేశాను, ఆకు వాడిచేతే వేయించాను. మొదటి వారం తాగలేదు. తర్వాత స్విచ్ తనే వేస్తానని గొడవ. ఒకటి మాత్రం జాగ్రత్త, ఉడికిన క్యారెట్ వేడి మీద వేయొద్దు. ఆవిరికి మూత ఎగిరి మా గోడంతా నారింజ రంగు అయింది.

మెత్తనిపిండి
వాడు నమిలి తినడం ఎప్పుడు నేర్చుకుంటాడు? అది ఎవరూ చెప్పరు.

నీలిగ్లాసు
మెత్తనిపిండి గారూ, నమలడం వాడికి వచ్చు. బిస్కెట్లు బాగా నములుతాడు.

తూకంరాయి గారూ, మీ అమ్మాయి సంగతి చదివి రాత్రి నిద్ర పట్టలేదు. వాడికి ఇప్పుడే చెప్పను. మీరు ఒప్పుకోరని తెలుసు. ఇంకో రెండు కిలోలు పెరగనివ్వండి, తర్వాత చూస్తా. కానీ కమలా రసం తీసేసి నీళ్లు పోశాను, ఆపిల్ సగం చేశాను, పుల్లనిమ్మ గారు చెప్పినట్టు చిటికెడు ఉప్పు వేశాను. వాడు గమనించలేదు. ఇంకోటి, ఖర్జూరాలు తూచాను. గింజ తీశాక ఒక్కోటి 19 గ్రాములు.

తూకంరాయి
బొటనవేలు బాగా పెద్దదే. అందులో 12, 13 గ్రాముల చక్కెర ఉంటుంది. రెండు చాలు. వాడికి ఎప్పుడు చెప్పినా సరే, వాడు అడిగిన రోజు మాత్రం "లేదు" అనకండి.

నీలిగ్లాసు
అడిగితే అప్పుడు చూద్దాం.

కొత్తబ్లెండర్
మధ్యలో దూరుతున్నా, ఖర్జూరాలు ఎంతసేపు నానబెట్టాలి?

నీలిగ్లాసు
గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు. ఆ నీళ్లు పారబోయకండి, తీపి అందులోకి దిగుతుంది.

తూకంరాయి
లెక్కలో కూడా వేసుకోండి.