విచారణలు (క్యాథలిక్ పారిష్‌లు) కలిపేస్తుంటే ఫాదర్‌ల సంగతేంటి?

ప్రశ్న: 2023లో సెయింట్ లూయిస్ అతిమేత్రాసనంలో (ఆర్చ్‌బిషప్‌గారి కింద ఉండే ప్రాంతంలో) 178 విచారణల్ని 134 చేశారు కదండీ, ఇప్పుడు ఇక్కడ అమెరికాలో మా విచారణనీ పక్కదాంట్లో కలిపేస్తారట, ఒక్క ఫాదర్‌గారే రెండు గుళ్లకీ తిరగాలి, ఇంక పాపసంకీర్తనానికి (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోడానికి) ఆయన ఎప్పుడు దొరుకుతారు? చాలా బాధగా ఉంది.

జవాబు 1: గురువులు (ఫాదర్‌లు) తగ్గారు నిజమే, జనం కూడా శివార్లకి వెళ్లిపోయారు, పాత గుళ్ల రిపేర్లకే డబ్బు చాలట్లేదు. అయినా విచారణ తీసేసేముందు బిషప్‌గారు గురువుల మండలి మాట వినాలి, చర్చి చట్టంలో కానన్ 515లో ఉంది. డిక్రీ (బిషప్‌గారి ఉత్తర్వు) వచ్చాక అభ్యంతరం రాసివ్వడానికి గడువు 10 రోజులే, లేటు చెయ్యొద్దు. తర్వాత వాటికన్ దాకా వెళ్లొచ్చు.

జవాబు 2: మా ఫాదర్‌గారు ఆంధ్రా నుంచి వచ్చినాయన, లెక్కలూ మీటింగులూ మేమే చూసుకుంటున్నాం కాబట్టి ఆయనకి రోగుల దగ్గరికెళ్లే టైం దొరుకుతోంది. డీకన్ (గురువు కంటే కింది హోదాలో అభిషేకం పొందినాయన) బాప్తిస్మం ఇవ్వగలడు, పెళ్లి జరిపించగలడు, కానీ పూజ (మాస్), పాపసంకీర్తనం మాత్రం గురువే చెయ్యాలి, అందుకే మిగతా బరువు మనం ఎత్తుకోవాలండీ.