12×10 స్లాబు గదిలో మగ గొంతు గుమ్ముగా వస్తోంది: ఎలా కొలవాలి, పని ఎక్కడ మొదలుపెట్టాలి?

కాలవగట్టు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. అమలాపురం దగ్గర ఊళ్ళో మేడ మీద గది. లోపలి కొలతలు పొడవు 12, వెడల్పు 10, ఎత్తు 10 అడుగులు. ఇటుక గోడ, సిమెంటు ప్లాస్టరింగు, పైన స్లాబు, కింద టైల్సు. పడమటి గోడ పొడవు వైపుది, దానికో కిటికీ. తలుపు ఆగ్నేయం మూల. భజనలు, జానపదాల గొంతు రికార్డింగు, డబ్బింగు, వాటి మిక్సింగు ఇక్కడే. ఉత్తరం గోడ వైపు 5 అంగుళాల మానిటర్లు రెండు, రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కార్డియాయిడ్ (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా వినే) కండెన్సర్ మైకు ఉన్నాయి. కుర్చీ గది నడిమధ్యన. పాడేవాళ్ళు నిలబడేదీ అక్కడే.

గోడలకి అంగుళం మందం పిరమిడ్ ఫోమ్ 40 ముక్కలు అతికించాం. చప్పట్లు కొడితే వచ్చే గణగణ పోయింది గానీ మగ గొంతు డబ్బాలోంచి వచ్చినట్టే ఉంది. బేసు ఇక్కడ సరిపోయిందనుకుంటే కారులో విపరీతంగా వినిపిస్తోంది. పైగా పడమటి గోడ వానలకి చెమ్మెక్కి, ఫోమ్ వెనక నల్ల బూజు పట్టింది. గుడ్ల ట్రేలు పనిచేస్తాయా? మా దగ్గర కొబ్బరి పీచు చవక, అది వాడొచ్చా? కొలవడానికి ఏం కావాలి?

స్లాబ్‌రూమ్:

కాలవగట్టు గారూ, సగం జవాబు మీ గది కొలతల్లోనే ఉందండి. ఎదురెదురు గోడల మధ్య శబ్దం అటూ ఇటూ కొట్టుకుని కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర నిలబడిపోతుంది. దాన్నే రూమ్ మోడ్ అంటాం. లెక్క సులువు: శబ్ద వేగాన్ని గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగించడమే. గదిలో 30 డిగ్రీలుంటే వేగం సెకనుకి 349 మీటర్లు. 12 అడుగులంటే 3.66 మీటర్లు కాబట్టి పొడవు మొదటి మోడ్ 48 హెర్ట్జ్. 10 అడుగులంటే 3.05 మీటర్లు, మొదటిది 57, రెండోది 114. వెడల్పుకీ ఇవే, ఎత్తుకీ ఇవే. రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

ఇప్పుడు మీరు కూర్చున్న చోటు చూడండి. మొదటి మోడ్‌కి గోడల దగ్గర ఒత్తిడి ఎక్కువ, సరిగ్గా నడిమికి సున్నా. రెండో మోడ్‌కి గోడల దగ్గరా, నడిమినా రెండు చోట్లా ఎక్కువే. వెడల్పులో మీరు నడిమిన ఉన్నారు. ఎత్తులో చెవి 4 అడుగుల దగ్గర, అంటే నడిమికి కొంచెం కిందుగా ఉంది. అందుకే 57 మీకు దాదాపు వినపడదు, 114 మాత్రం ఉబ్బి వస్తుంది. వినపడని 57ని మీరు మిక్స్‌లో పెంచుతున్నారు, కారులో అదే బయటపడుతోంది. మగ గొంతు మామూలు మాటలో సుమారు 100, 130 హెర్ట్జ్ మధ్యే తిరుగుతుంది కాబట్టి గుమ్ము అక్కడే పుడుతోంది. అంగుళం ఫోమ్ వెయ్యి హెర్ట్జ్ పైన తప్ప పెద్దగా ఏమీ పీల్చదు. పైది మాత్రం పోయి కిందది మిగలడంతో గది ఇంకా డబ్బాలా తయారైంది.

రూపాయి ఖర్చు లేకుండా ముందు రెండు పనులు చెయ్యండి. పాడే మైకుని గది నడుమ నుంచి తీసి తూర్పు గోడకి రెండున్నర అడుగుల దూరంలో పెట్టండి. వెడల్పులో పావు వంతు అంటే 114కి ఒత్తిడి సున్నా అయ్యే చోటు అదే. ఎత్తు మోడ్ మిగులుతుంది గానీ సగం బరువు దిగుతుంది. గోడ దగ్గరయ్యింది కనక అక్కడ శబ్దం పీల్చే మందపాటి ప్యానెల్ తప్పదు, అది వచ్చేదాకా బొంతలు నాలుగు మడతలేసి వేలాడదీయండి. ఇంకో బొంత పాడేవాళ్ళ వీపు వెనక ఉండాలి, మైకు వెనక కాదు. కార్డియాయిడ్ మైకు చూసేది గాయకుణ్ణీ, ఆయన వెనకున్న గోడనీ. చాలామంది ఇక్కడే పొరబడతారు.

రెండోది కుర్చీ. ఉత్తరం గోడ నుంచి నాలుగున్నర అడుగులకి, అంటే పొడవులో 38 శాతం దగ్గరకి జరపండి. మానిటర్లు గోడకి దూరంగా పెట్టాలన్న సలహా ఈ సైజు గదికి పనికిరాదు. స్పీకరు ముందు మొహం గోడకి 3 అడుగుల దూరంలో ఉంటే, స్పీకరు వెనకున్న ఆ గోడని తాకి తిరిగొచ్చిన శబ్దం 95 హెర్ట్జ్ దగ్గర గుంట పెడుతుంది. గోడకి దగ్గరగా జరిపి ముందు మొహం 14 అంగుళాల్లో ఉంచితే ఆ గుంట 245కి పోతుంది. అక్కడైతే ప్యానెల్ దాన్ని పట్టగలదు.

లంకల_స్వరం:

కొలత గురించి నేను చెబుతాను. సాఫ్ట్‌వేర్ రూమ్ ఈక్యూ విజార్డ్, ఉచితం. మీ కండెన్సర్ మైకు దీనికి పనికిరాదు. కార్డియాయిడ్‌కి బేసు, దూరాన్ని బట్టి మారిపోతుంది. అన్ని వైపులా సమంగా వినే కొలత మైకు కావాలి. యూఎస్‌బీ అయితే మినీడీఎస్‌పీ యూమిక్-1, మీ ఇంటర్‌ఫేస్‌కే పెట్టుకుంటే బెరింజర్ ఈసీఎమ్8000 లాంటిది, దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ వెయ్యాలి. యూమిక్ సీరియల్ నంబరుకి తగ్గ క్యాలిబ్రేషన్ ఫైలు దించుకుని ఎక్కించండి. మైకు స్లాబు వైపు చూస్తుంటే 90 డిగ్రీల ఫైలు, స్పీకర్ల వైపు చూస్తుంటే సున్నా డిగ్రీలది.

మైకు మొన సరిగ్గా చెవి ఉండే చోట ఉండాలి, కుర్చీ పక్కకి తీసెయ్యాలి. ఫ్యాను, ఏసీ ఆపాలి. దగ్గర్లో రొయ్యల చెరువులుంటే ఏరేటర్లు తిరగని వేళ చూసుకోండి, ఆ దడదడ కింది ఫ్రీక్వెన్సీల్లో చేరిపోతుంది. స్థాయి 75 డీబీ దగ్గర, స్వీప్ (కింది నుంచి పైకి జరుగుతూ పోయే పరీక్ష శబ్దం) 20 నుంచి 20,000 హెర్ట్జ్, పొడవు 512కె శాంపిళ్ళు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది దాదాపు 11 సెకన్లు పడుతుంది. పొడవు రెట్టింపయిన ప్రతిసారీ బయటి రొదతో పోలిస్తే 3 డీబీ లాభం. ఎడమ స్పీకరు ఒకసారి, కుడిది ఒకసారి, రెండూ కలిపి ఒకసారి.

గ్రాఫు దువ్వెన పళ్ళలా వస్తే గదిని తిట్టకముందు ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటర్ ఆపారో లేదో చూడండి. అది ఆన్‌లో ఉంటే మైకు విన్నది మళ్ళీ స్పీకర్లోకి పోతుంది. విండోస్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్లు కూడా ఆపాలి.

చదివేటప్పుడు 300 హెర్ట్జ్ కింద స్మూతింగు వెయ్యకండి. మూడో వంతు ఆక్టేవ్ స్మూతింగు వేసి చూపించే గ్రాఫుల్లో గుంటలన్నీ పూడిపోయి గది ముద్దుగా కనిపిస్తుంది. ఆర్‌టీ60 అంకె, అంటే శబ్దం 60 డీబీ తగ్గడానికి పట్టే ప్రతిధ్వని కాలం, కూడా ఆ కింద నమ్మొద్దు. ఆ కాలం 0.8 సెకన్లు అనుకుంటే, మీలాంటి 34 ఘనపు మీటర్ల గదిలో 300 హెర్ట్జ్ దిగువన శబ్దం విడివిడి మోడ్‌లుగానే ఉంటుంది, ఒకే అంకెకి అర్థం ఉండదు. అక్కడ చూడాల్సింది వాటర్‌ఫాల్, అంటే ఏ ఫ్రీక్వెన్సీ ఎంతసేపట్లో చల్లారుతోందో చూపే గ్రాఫు. 114 దగ్గర గట్టు పక్కవాటి కన్నా ఎంతసేపు నిలబడుతోందో అదే మీ జబ్బు. ముందు, తరవాత కొలతలు ఒకే ఉష్ణోగ్రతలో తియ్యండి. 24 డిగ్రీల ఏసీకీ 34 డిగ్రీల ఉక్కకీ 114 దాదాపు 2 హెర్ట్జ్ జరుగుతుంది.

భీమవరం_మిక్స్:

గుడ్ల ట్రేలు వద్దు. పల్చటి అట్ట, బేసుకి ఏమీ చెయ్యదు, నిప్పంటుకుంటే ఆగదు. కొబ్బరి పీచు మీద మనకి అభిమానం ఉండడం సహజమే గానీ దాని పోగు వెంట్రుక కన్నా లావు. గాలి అందులోంచి పెద్దగా అడ్డు లేకుండా దూరిపోతుంది, ఆ రాపిడి లేనిదే శబ్దం వేడిగా మారదు. రాక్‌వూల్ (రాతి ఉన్ని) పోగు మిల్లీమీటరులో నూరో వంతు కూడా ఉండదు. 2 అంగుళాల పీచు పరుపు మధ్య, పై స్థాయిలకే సరి, బేసుకి ఇంకా చాలా మందం పట్టాలి, అంత మందంలో మన తేమకి బూజు భయం. కాళ్ళ కింద చాపగా వాడుకోండి, అక్కడ బాగుంటుంది.

కొనాల్సింది రెసిన్ బాండెడ్ రాక్‌వూల్ స్లాబు, ఘనపు మీటరుకి 48 కేజీల సాంద్రత, 50 మి.మీ. మందం. ఇన్సులేషన్ సామాను అమ్మే కొట్లో బాయిలరుకి చుట్టే, ఇనుప వలతో కుట్టిన మాట్రెస్ ఇవ్వబోతారు, అది కాదు. స్లాబు చేతికొచ్చి టేపు పెట్టి కొలిచాకే చట్రాలు కొయ్యండి, సైజులు రెండు మూడు రకాలుగా వస్తాయి.

నా లెక్క 12 ప్యానెళ్ళు, ఒక్కోటి 1.2 × 0.6 మీటర్లు, రెండు స్లాబులు కలిపి 100 మి.మీ. మందం. అంటే 24 స్లాబులు. చట్రానికి 4 అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం చెక్క, మొత్తం 144 అడుగులు, కోసేటప్పుడు పోయేది అదనం. చెదల మందు పట్టించాలి. ఉన్ని బరువే ఒక్కో ప్యానెల్‌కి మూడున్నర కేజీలు ఉంటుంది కాబట్టి గోడకి బోల్టులు సరిగా దిగాలి. మూలకి రెండు చొప్పున తలుపు లేని మూడు మూలల్లో ఒకదాని మీద ఒకటి, మూలకి అడ్డంగా ఏటవాలుగా. పక్క గోడలకి ఒక్కొక్కటి, కుర్చీ వెనక గోడకి రెండు, పైకప్పుకి రెండు. పైకప్పువి ఫ్యాను రెక్కలకి అడుగు దూరంలో గొలుసులతో వేలాడాలి. పక్క గోడల మీద చోటు ఎలా పట్టుకోవాలంటే, మీరు కుర్చీలో కూర్చుని ఇంకొకరు గోడ వెంట అద్దం జరుపుతుంటే స్పీకరు కనిపించిన చోటే దాని నడిమి.

ప్రతిధ్వని కాలం లెక్కకట్టే సెబైన్ సూత్రం ప్రకారం 0.8 సెకన్ల గదిలో పీల్చే వైశాల్యం దాదాపు 6.8 చదరపు మీటర్లు. ఈ 12 ప్యానెళ్ళు ఇంకో 8.6 కలుపుతాయి, కాలం 0.35కి దిగుతుంది. మధ్య, పై ఫ్రీక్వెన్సీలకి ఇది అంచనా. గొంతుకి ఇంతకన్నా తగ్గిస్తే పాడేవాళ్ళకి ఊపిరాడనట్టు ఉంటుంది.

చెమ్మ సంగతి మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. ప్యానెల్‌కీ గోడకీ మధ్య 4 అంగుళాల ఖాళీ వదలండి, పైనా కిందా మూయకుండా. ఆ ఖాళీ వల్ల ప్యానెల్ ఇంకా కింది ఫ్రీక్వెన్సీల దాకా పీలుస్తుంది, గోడ ఆరడానికి గాలీ ఆడుతుంది. మీ ఫోమ్ వెనక బూజు పట్టింది గోడకి అంటించెయ్యడం వల్లే. పడమటి గోడకి బయట పగుళ్ళు పూడ్చి వాటర్‌ప్రూఫింగ్ చేయించాకే అక్కడ ప్యానెల్ ఎక్కించండి. పాలిథిన్ షీటు చుట్టొద్దు. ముందు పల్చటి నాన్‌వోవెన్ గుడ్డ, దాని మీద కేస్‌మెంట్ గుడ్డ. గుడ్డని నోటికి ఆనించి ఊదితే ఊపిరి అవతలికి సులువుగా పోవాలి. ఉన్ని కోసేటప్పుడు ఎన్95 మాస్కు, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా ఉండాలి.

కాలవగట్టు:

కుర్చీ, మైకు జరిపాక గొంతులో తేడా వెంటనే తెలిసిందండి. కొలత మైకు తెప్పించి స్వీప్ తీశాను. 114 దగ్గర 9 డీబీ గుట్ట, 57 దగ్గర లోతైన గుంట, మీరన్నట్టే. రెండు సందేహాలు. 57ని ఈక్యూతో 10 డీబీ లేపితే సరిపోదా? ప్యానెళ్ళు పెట్టాక కూడా 114 మిగిలితే ఏం చెయ్యాలి?

స్లాబ్‌రూమ్:

లేపొద్దండి. 10 డీబీ అంటే యాంప్లిఫయరు మీద పది రెట్ల భారం. 5 అంగుళాల కోను ఊగి ఊగి పగిలిన శబ్దం వస్తుంది, గుంట మాత్రం పూడదు. గుంటకి మందు చోటు మార్చడమే. కుర్చీని ముందుకీ వెనక్కీ 4 అంగుళాల చొప్పున జరుపుతూ ఆరేడు స్వీపులు తీసి, 40, 120 మధ్య ఏది చదునుగా ఉందో అక్కడ నేల మీద టేపు వెయ్యండి. 57 పూర్తిగా రాకపోవచ్చు, ఆ ఒక్కదాన్ని మంచి హెడ్‌ఫోన్లలో సరిచూసుకోండి. 114 గుట్టని ఈక్యూతో 4, 5 డీబీ తగ్గించుకోవచ్చు, కానీ అది మీరు వినేదానికే. మైకులో పడే గొంతుకి దానివల్ల ఏమీ కాదు.

ప్యానెళ్ళ తరవాత కూడా వాటర్‌ఫాల్‌లో 114 గట్టు నిలబడితే అప్పుడు మెంబ్రేన్ పెట్టె, అంటే ముందు పల్చటి పలక ఊగుతూ ఒక ఫ్రీక్వెన్సీని పీల్చే మూసిన పెట్టె, చెయ్యండి. పలక చదరపు మీటరు బరువుని కేజీల్లోనూ, వెనక ఖాళీ లోతుని మీటర్లలోనూ తీసుకుని, రెండూ గుణించి వర్గమూలం కట్టి, 60ని దాంతో భాగిస్తే పెట్టె పలికే ఫ్రీక్వెన్సీ వస్తుంది. 6 మి.మీ. ప్లైవుడ్ చదరపు మీటరుకి 3.6 కేజీలుంటే 75 మి.మీ. లోతుకి 115 వస్తుంది. బీడబ్ల్యూపీ (మరిగే నీటికీ ఆగే) రకం ప్లై ఇంకా బరువుంటుంది, మన తేమకి అదే కావాలి కూడా. 8×4 షీటు 2.97 చదరపు మీటర్లు, కొట్లోనే కాటా మీద తూయించి లోతు లెక్క కట్టుకోండి. లోపల 25 మి.మీ. ఉన్ని పలకకి తగలకుండా వెనక్కి ఉండాలి, అంచులన్నీ సిలికాన్‌తో గాలి దూరకుండా మూసెయ్యాలి. ఎక్కడో చిన్న సందు వదిలితే పెట్టె పనిచెయ్యదు. పెట్టాల్సిన చోటు పక్క గోడా పైకప్పు స్లాబూ కలిసే అంచు వెంట. వెడల్పు మోడూ ఎత్తు మోడూ రెండూ అక్కడ గట్టిగా ఉంటాయి.