మా గ్రూపును సొసైటీ చేసి హెచ్‌ఐవీ పని సొంతంగా నడపాలంటే ఎట్టా?

కావలి పీర్:
అక్కలకీ అన్నలకీ నమస్తే. కావలి చుట్టుపక్కల మేం పాతిక ముప్పై మందిమి ఉంటాం. కోతిలు (ఆడతనం ఉండి, మగోళ్ళని ఇష్టపడే మగోళ్ళు) ఎక్కువ, ట్రాన్స్ మహిళలు కొందరు. చాలామందిమి ఏదో ఒక ప్రాజెక్టులో పీర్లుగా (మావాళ్ళ మధ్యే తిరిగి పనిచేసేవాళ్ళుగా) చేసినోళ్ళమే. కండోమ్‌లు పంచడం, టెస్టుకి ఐసీటీసీకి (సర్కారు హెచ్‌ఐవీ టెస్టు సెంటరు) తోడుకొనిపోవడం, హెచ్‌ఐవీకి వాడే ఏఆర్‌టీ మందులు మానేసినోళ్ళని వెతికి పట్టుకోవడం మాకు కొట్టినపిండి. కానీ బడ్జెట్ రాసేదీ రిపోర్టు పంపేదీ ఎప్పుడూ బయటోళ్ళే. ఇప్పుడు మేమే సొసైటీ పెట్టి టీఐ ప్రాజెక్టు (మాలాంటోళ్ళలో హెచ్‌ఐవీ నివారణకి సర్కారు ఇచ్చే పని) అడగాలనుకుంటున్నాం. రిజిస్ట్రేషన్ చేయిస్తానని ఒకాయన ఇరవై వేలు అడుగుతున్నాడు. ఇవ్వచ్చా?

ఒంగోలు అక్క:
ఇవ్వబాకమ్మా. 2001 నాటి సొసైటీల చట్టం కింద 7 మంది సభ్యులుంటే చాలు. మెమోరాండం, బైలాలు (సొసైటీ నియమాలు) రాసుకుని జిల్లా రిజిస్ట్రార్ దగ్గర పెట్టుకోవడమే. ప్రభుత్వ ఫీజుకీ ఆయన అడిగేదానికీ పొంతనే లేదు. ఒకటి మాత్రం చూసుకోండి, ఆధార్‌లో ఉన్న పేరే కాగితాల్లోనూ ఉండాల. కలెక్టర్ ఇచ్చే ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు ఉండి, ఆధార్‌లో ఇంకా పాత పేరే ఉన్నోళ్ళు ముందు ఆధార్ మార్పించుకోండి. లేకపోతే బ్యాంకు ఖాతా దగ్గర ఆగిపోతారు.

అసలు ఇబ్బంది రిజిస్ట్రేషన్ కాదు, కమిటీ. గురువు అధ్యక్షురాలు, చేలాలంతా (ఆమె శిష్యురాళ్ళు) మెంబర్లు అయితే లెక్క అడిగే నోరు ఎవరికి ఉంటది? నేనూ గురువునే, అందుకే చెప్తున్నా. జమాత్ (మన గురువుల, చేలాల కూటమి) మర్యాద ఇంట్లో ఉండనీండి, సొసైటీలో బైలానే పెద్ద. అధ్యక్షురాలు ట్రాన్స్ అయితే కోశాధికారి కోతిల్లోంచి రావాల, లేదా అటుదిటు. లేకపోతే ఏడాది తిరగకముందే "వాళ్ళ సొసైటీ, మాది కాదు" అని సగం మంది లేచిపోతారు.

లెక్కల పుస్తకం:
పై మాటకు నా ఓటు. టీఐ ప్రాజెక్టుల్లో అకౌంట్స్ చూస్తాను కాబట్టి నా వైపు నుంచి కొంత.

రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ప్రకటన ఇచ్చి దరఖాస్తులు పిలుస్తుంది. తర్వాత పరిశీలన బృందం మీ దగ్గరికి వస్తుంది. వాళ్ళు రావడానికి వారం ముందు కూర్చుని రాసిన మీటింగుల మినిట్స్ పుస్తకం ఇట్టే తెలిసిపోతుంది: అన్ని పేజీలకీ ఒకే పెన్ను, ఒకే చేతిరాత! కనుక నెలకు ఐదొందలు చందా వసూలైనా సరే, ఇవాళ్టి నుంచే క్యాష్‌బుక్, వోచర్లు పెట్టండి. పాన్, దర్పణ్ (ఎన్జీఓల ప్రభుత్వ పోర్టల్) నమోదు, 12ఏ అనే ఆదాయపన్ను నమోదు ఒకదాని తర్వాత ఒకటి చేసుకోండి. ఏటా జనరల్ బాడీ జరిపి కమిటీ జాబితా రిజిస్ట్రార్‌కు ఇవ్వడం మానొద్దు. చెక్కు మీద ఇద్దరి సంతకం తప్పనిసరి. ఖాళీ చెక్కు మీద ముందే సంతకం పెట్టి ఉంచే అలవాటుంటే ఈరోజే ఆపండి.

"మా ఎన్జీఓకి వచ్చే విదేశీ నిధుల్లోంచి మీకూ ఇస్తాం" అని ఎవరైనా అంటే నమ్మకండి. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) సవరణ వచ్చాక ఒక సంస్థ ఇంకో సంస్థకు ఆ డబ్బు బదిలీ చేయకూడదు. ఆ చట్టం కింద సొంతంగా రిజిస్ట్రేషన్ అడగాలంటే సంస్థకు మూడేళ్ళ వయసు, ఆ మూడేళ్ళలో 15 లక్షల ఖర్చు చూపించాలి. మీకది ఇప్పట్లో మాట కాదు.

కావలి పీర్:
మాలో ఇంటర్ కామర్స్ చదివిన చేలా ఒకతి ఉంది. మిగతా అందరం పదిలోపే. సరిపోద్దా?

లెక్కల పుస్తకం:
బాగా సరిపోతుంది. పార్ట్ టైమ్ అకౌంటెంట్‌ని పెట్టుకున్నా, ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టండి. నెలకోసారి ఖర్చులు అందరి ముందు గట్టిగా చదివించండి. చదువు రానివాళ్ళకు కూడా టీ ఖర్చు ఎక్కువైతే తెలిసిపోతుంది!

నెల్లూరు కౌన్సెలర్:
డబ్బు లెక్క ఎంత ముఖ్యమో మనుషుల లెక్క అంతకన్నా ముఖ్యం. సుమారు 60 మందికి ఒక పీర్, ఆర్నెల్లకోసారి హెచ్‌ఐవీ టెస్టు... ఇవన్నీ మీకు తెలిసినవే. కానీ లైన్ లిస్ట్ (అందరి పేర్లూ వివరాలూ ఉండే జాబితా) ఎవరి దగ్గర ఉంది? ఫలానా వాళ్ళు పాజిటివ్ అని వాట్సాప్ గ్రూపులో పెట్టే పీర్లు ఇప్పటికీ ఉన్నారు. 2017 హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. మనిషి ఒప్పుకోకుండా ఆ సంగతి బయటపెట్టడం దాని కింద తప్పు. మన చిన్న ఊళ్ళలో ఒక్క పేరు బయటికి పొక్కితే ఆ సందులోంచి ఇంకెవరూ టెస్టుకి రారు. రిజిస్టరు బీరువాలో, తాళం ఇద్దరి దగ్గర.

అదే చట్టం మీకు పనికొచ్చేది కూడా. కండోమ్‌లు పంచడం లాంటి నివారణ పని నేరం కాదని 22వ సెక్షన్ చెబుతుంది. ఆ పేజీ తెలుగులో రాయించి ప్రతి పీర్ సంచిలో పెట్టండి. రాత్రిపూట స్టేషన్ దగ్గర పోలీసులు ఆపినప్పుడు వాదన కంటే కాగితం మేలు.

సింగరాయకొండ తమ్ముడు:
ఇంకోటి. మీరు చెప్పేదంతా బస్టాండు, రైల్వే స్టేషన్ లెక్క. మా వయసోళ్ళు యాడికీ రారు, అంతా ఫోన్‌లోనే. పెళ్ళయినోళ్ళయితే మరీనూ. డేటింగ్ యాప్‌లు తెలిసిన కుర్రోళ్ళని ఇద్దరిని కమిటీలో పెట్టుకోకపోతే సగం మంది మీ లిస్టులోకే రారు. చీర కట్టకపోతే మనోడు కాదు అనే చూపు కూడా కొంచెం తగ్గించుకోవాల అక్కా, ఏమనుకోబాకండి.

ఒంగోలు అక్క:
అనుకునేదేముంది, ఉన్నమాటే.
కావలమ్మా, శిక్షణకి డబ్బుల్లేవని ఆగబాక. గ్లోబల్ ఫండ్ డబ్బుతో 2010 నుంచి 2015 దాకా పెహచాన్ అని నడిచింది, 17 రాష్ట్రాల్లో మనలాంటి 200 గ్రూపుల్ని తయారుచేసే పని. ఆంధ్రా కూడా అందులో ఉంది. అప్పుడు నేర్చుకున్నోళ్ళని వెతికి ఒక పూట పిలిపించుకో, బస్సు చార్జీ, అన్నం పెడితే వస్తారు. ప్రాజెక్టు వచ్చేదాకా ఖాళీగా కూర్చోబాకండి. ట్రాన్స్‌జెండర్లకీ, ఏఆర్‌టీ వాడేవాళ్ళకీ నెలకి 4000 పింఛను ఉంది గదా, అర్హత ఉండీ రానోళ్ళ కాగితాలు సర్దండి. గ్రూపు మీద నమ్మకం అక్కడ కుదురుతుంది.

కావలి పీర్:
ఆదివారం మీటింగ్ పెట్టినాం. కమిటీ ముందు, రిజిస్ట్రేషన్ తర్వాత. చివరగా ఒకటి, ఆఫీసు బోర్డు మీద హెచ్‌ఐవీ అని రాయించాలా?

నెల్లూరు కౌన్సెలర్:
వద్దు, సొసైటీ పేరు చాలు. లేకపోతే గుమ్మం తొక్కడానికే జంకుతారు. ఇంటి ఓనరుకి మాత్రం ఏం పని చేస్తారో ముందే చెప్పి, అద్దె అగ్రిమెంటు సొసైటీ పేరు మీద రాయించుకోండి. మధ్యలో ఖాళీ చేయమంటే ఆ రిజిస్టర్లన్నీ మోసుకుని తిరగాల్సి వస్తుంది.